పరాయి భుజం మీద ఏడుపు

"ఈ బొమ్మలో నీలం ఎక్కువైంది," అన్నాడు పక్కన నిలబడ్డ పెద్దమనిషి, బొమ్మ వైపే చూస్తూ.

"ఎండలో పెట్టి చూస్తే సరిపోతుందండీ," అంది కవిత.

కోడ్ కలిసింది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

హైదరాబాద్‌లో ఖరీదైన గ్యాలరీ అది. మధ్యాహ్నం కావడంతో జనం లేరు. ఏసీ చల్లదనంలో గోడల నిండా దేశం నలుమూలల నుంచి తెచ్చిన చిత్రాలు. అడవులు, కొండలు, వాటిలో బతికే మనుషులు. ఎగ్జిబిషన్ పేరు 'అడవి అంచు'. గాజు పెట్టెలో పెట్టిన ఒక కొయ్యబొమ్మ మీద దుమ్ము అలాగే ఉంది. పెట్టెకు బయటివైపు మాత్రం ఎవరో మెరిసేలా తుడిచారు. కవిత ఇలాంటివి చూడకుండా ఉండలేదు. చూడటమే ఆమె ఉద్యోగం.

పెద్దమనిషి వెంకటరామారావు. పేరు లేని ఒక విభాగానికి చీఫ్. చెవులకు గ్యాలరీవాళ్ల ఆడియో గైడ్ హెడ్‌ఫోన్ పెట్టుకుని తర్వాతి బొమ్మ దగ్గరికి నడిచాడు. కవిత చెవులకూ అలాంటిదే ఉంది. తేడా ఒక్కటే. మిగతావాళ్లకు బొమ్మల చరిత్ర వినిపిస్తుంది, ఆమెకు చీఫ్ గొంతు.

"ఉదయ్ భాస్కర్. ఇంజనీర్. భద్రాచలం దాటాక అడవిలో మనం కట్టిన కొత్త రాడార్ కేంద్రంలో పని. పోయిన వారం గోదావరి ఇసుకలో శవమై దొరికాడు. జేబులో ఒక్కటే వస్తువు."

"ఏంటి సార్?"

"చిన్న గుండ్రటి అద్దం. అంచుకు ఎర్ర దారం అంటుకుని ఉంది."

కవిత అడుగు ఒక్క క్షణం ఆగింది. మళ్లీ కదిలింది.

"రాడార్ డిజైన్ మొత్తం ఒక చిప్‌లోకి ఎక్కింది. అది దేశం దాటితే ఆ కేంద్రం గుడ్డిదైపోతుంది. మన ఆకాశంలోకి ఎవరైనా రావచ్చు. చిప్ ఎక్కడుందో మైనా చెప్పింది. పక్క గదిలోకి వెళ్లు."

మైనా అంటే ఆ ఎగ్జిబిషన్ క్యూరేటర్ రాజ్యశ్రీ కోడ్‌నేమ్. రెండేళ్లుగా విదేశీ ముఠాల కబుర్లు విభాగానికి చేరవేస్తున్న ఇన్ఫార్మర్. కవితా ఆమే ఎన్నడూ కలుసుకోలేదు.

పక్క గదిలో ఒకే ఒక్క వస్తువు. నల్లటి గోడ మీద, ప్రత్యేకమైన లైటు కింద, ఒక తుక్రి. లంబాడీ ఆడవాళ్లు తల మీద నుంచి కప్పుకునే అద్దాల ముసుగు. ఎరుపు మీద పసుపు, ఆకుపచ్చ దారాలు, గవ్వలు, వందల అద్దాలు. కింద చిన్న చీటీ: 'లంబాడీ కుట్టుపని. భద్రాద్రి అడవి ప్రాంతం. కళాకారిణి పేరు తెలియదు.'

కవితకు తెలుసు. కుడి మూలన గవ్వల వరుసలో ఒక్క గవ్వ తలకిందులుగా ఉంది. దిష్టి తగలకుండా అలా కుట్టే మనిషి రూప్లా తండాలో ఒక్కతే. ఆమె పేరు సక్రి. కవితను కన్నతల్లి.

"వందల అద్దాల్లో ఒకదాని వెనక చిప్ ఉందని మైనా కబురు. ఎక్స్‌రేలో కూడా కనబడదు, అన్నీ మెరుస్తాయి కదా. వచ్చే వారం ఖమ్మంలో ఆఖరి ప్రదర్శన. అక్కడి నుంచి యూరప్. ముగింపు రోజు నువ్వు మైనాను కలువు. ఆమెకు నీ ముఖం తెలియదు. కోడ్ చెప్తేనే తెలుస్తుంది. ఇద్దరూ కలిసి చిప్ బయటికి తియ్యండి."

"సార్, ఆ తండా మాది."

"తెలుసు. అందుకే మారువేషం. తెలిసినవాళ్లు పలకరిస్తే మిషన్ పోతుంది. ఆ ముఠా ఇంజనీర్‌నే వదల్లేదు, నీవాళ్లను వదులుతుందా?"

ఆ తుక్రి తన తల్లిదేనన్న మాట కవిత నోటి దాకా వచ్చింది. చెబితే ఈ పని వేరేవాళ్లకు వెళ్తుంది. తల్లి చేతి కుట్టును వేరే ఎవరో కత్తెర పెట్టి విప్పుతారు. ఆమె చెప్పలేదు.

చీఫ్ వెళ్లిపోయాక చాలాసేపు అక్కడే నిలబడింది. గ్యాలరీలకు ఒంటరిగా వచ్చే ఆడమనిషిని ఎందుకొచ్చావని ఎవరూ అడగరు. అందుకే విభాగం ఆమెకు ఈ కవర్ ఇచ్చింది. ఢిల్లీ, ముంబై, కొచ్చి, కలకత్తా. ఎక్కడ పెద్ద ప్రదర్శన జరిగినా ఆమె ఉంటుంది. ఎన్ని బొమ్మలు చూసిందో లెక్క లేదు. పక్కనున్న మనిషితో 'ఇది బావుంది కదూ' అన్న మాట మాత్రం ఒక్కసారీ అనలేదు.

*

భద్రాచలంలో ఉదయ్ భాస్కర్ సెలవు రోజుల్లో దిగే లాడ్జి గోదావరి కరకట్ట వెనక సందులో ఉంది. కవిత అక్కడికి ప్రొఫెసర్ నాగలతగా వెళ్లింది. నెరిసిన పొట్టి జుట్టు విగ్గు, మందపాటి ఫ్రేము కళ్లజోడు, గంజి పెట్టిన నేత చీర, కొంచెం కుంటి నడక.

"సచ్చిపోయినాయనకు మీరేమైతరు మేడం?" అన్నాడు లాడ్జిలో పనిచేసే భీమ్లా.

"పిన్నిని."

"మస్తు నెమ్మదస్తుడు మేడం. ఒక్కడే వచ్చేటోడు, ఒక్కడే తినేటోడు. చాయ్ పంపమంటే గూడ గొంతు లేసేది కాదు. ఆఖరుసారి ఒక ఆడామె వచ్చింది. మొకానికి మాస్కు. సంకల అద్దాల గుడ్డ."

"ఎలాంటి గుడ్డ?"

"మావోళ్లు కప్పుకునేదే. గా కిటికీల కెళ్లి ఎండ వడ్డది. రూమంత చుక్కలు చుక్కలు, పెండ్లి పందిరి లెక్క. నేను చాయ్ వట్టుకొని గట్లనే నిలవడ్డ. ఆమె జల్దీ పో అన్నది."

"ఆయన ఏమన్నాడు?"

"ఏమనలే. నవ్విండు. ఆయన నవ్వంగ గదొక్కసారే జూసిన."

అతను డిజైన్ అమ్మాడో, ఎవరి మాటలకో మోసపోయాడో ఇక తెలిసే దారి లేదు. మాట్లాడటానికి ఒక మనిషి దొరికితే చాలనుకున్నాడేమో. ఆ ఆలోచన కవితకు నచ్చలేదు. తనకు మరీ దగ్గరగా ఉంది.

ఖమ్మం బస్సు ఎక్కింది. పాల్వంచ, కొత్తగూడెం దాటింది. టేకు చెట్లు ఆకులు రాల్చి నిలబడి ఉన్నాయి. మిరప కళ్లాల ఘాటుకు బస్సులో సగం మంది దగ్గుతున్నారు. రోడ్డు నుంచి ఎర్రమట్టి దారి ఒకటి ఎడమకు చీలే చోట కండక్టర్ విజిల్ వేశాడు. "రూప్లా తండా! దిగేటోళ్లున్నరా?"

ఇద్దరు ఆడవాళ్లు దిగారు. దారిలో నిలబడ్డ మూడో ఆమె వాళ్లను చూసి చేతిలో మూట కింద పెట్టింది. ముగ్గురూ ఒకరి భుజం మీద ఒకరు తలలు పెట్టుకుని రాగం తీసి ఏడవడం మొదలుపెట్టారు. బస్సులో ఎవరో నవ్వారు. "అగో, ఎవలో సచ్చిన్రు."

ఎవరూ చావలేదు. వాళ్ల ఆచారమే అది. చాన్నాళ్లకు కలిసిన లంబాడీ ఆడవాళ్లు ముందు మాట్లాడుకోరు, ఏడుస్తారు. ఎవరు పుట్టారు, ఎవరు పోయారు, పత్తి ఎలా పండింది, కోడలు ఏమంది, అన్నీ ఆ రాగంలోనే చెప్పుకుంటారు. అంతా అయ్యాక కళ్లు తుడుచుకుని నవ్వుకుంటూ ఇంటికి నడుస్తారు. ఏడవకుండా లోపలికి వస్తే వచ్చినట్టే కాదు.

కవిత నాలుగేళ్లుగా ఆ దారిలో దిగలేదు. రెండేళ్ల కింద తండ్రి హేమ్లా పోయినప్పుడు ఆమె విదేశంలో ఒక మ్యూజియంలో, ఎవరి వెనకో, బొమ్మ నుంచి బొమ్మకు నడుస్తోంది. కబురు తెలిసేసరికి కర్మలన్నీ అయిపోయాయి.

ఆఖరిసారి ఇంటికి వెళ్లినప్పుడు తల్లితో అన్న మాట గుర్తుంది. "యాడీ, బయట ఎక్కడన్న నేను కనవడితే, నేను మాట్లాడేదాంక మాట్లాడకు."

యాడీ అంటే వాళ్ల భాషలో అమ్మ. సక్రి పళ్లెం కింద పెట్టి చూసింది. "గదేం నౌకరే? దొంగతనమా?"

"మ్యూజియం నౌకరి."

"బొమ్మలు మాట్లాడవు, సరే. వాటితోటి ఉండి నువ్వు గూడ బొమ్మవైతున్నవా?"

బస్సు కదిలింది. ప్రొఫెసర్ నాగలత కళ్లజోడు తీసి తుడుచుకుంది. అద్దాలకు దుమ్మేమీ లేదు.

*

ఖమ్మంలో లకారం చెరువుకు దగ్గర్లో కొత్తగా కట్టిన గ్యాలరీ అది. ముగింపు రోజు కావడంతో జనం బాగానే వచ్చారు. అధికారులు, కోచింగ్ కాలేజీల పిల్లలు, మిర్చి యార్డు వ్యాపారుల కుటుంబాలు, కెమెరాలతో విలేకరులు. పిల్లలు బొమ్మలకు వీపు పెట్టి సెల్ఫీలు దిగుతున్నారు.

రాజ్యశ్రీ ఎక్కడుందో వెతకక్కర్లేదు. జనమంతా ఆమె చుట్టూ ఉన్నారు. నెమలికంఠం రంగు పట్టుచీర, భుజం మీద కొంగుకు గుచ్చిన రాళ్ల బ్రోచ్, తీర్చినట్టున్న ముఖం. పక్కనే తెల్లటి సూటులో మిస్టర్ హేగన్. యూరప్‌లో ఏదో కళా ఫౌండేషన్ ప్రతినిధి. అతని దగ్గర డిప్లొమాటిక్ పాస్‌పోర్ట్ ఉందని కవితకు ముందే కబురందింది. అతన్నీ అతని సామాన్లనూ ఎవరూ సోదా చెయ్యలేరు.

"నేను తండాల్లోనే ఉండి రీసెర్చ్ చేశానండీ," అంటోంది రాజ్యశ్రీ విలేకరులతో. "వాళ్ల భాష, వాళ్ల పాటలు, అన్నీ నావే అనిపిస్తాయి."

కవిత తుక్రి వైపు నడిచింది. రెండడుగులు వేసి ఆగిపోయింది.

తుక్రి కింద చాప పరిచి ఉంది. 'లైవ్ డెమో' అని బోర్డు. చాప మీద ఇద్దరు లంబాడీ ఆడవాళ్లు కూర్చుని అద్దాలు కుడుతున్నారు. ఒకామె పొరుగింటి లాలి. రెండో ఆమె సక్రి.

చీఫ్ ఈ సంగతి చెప్పలేదు. అతనికీ తెలిసి ఉండదు. కార్యక్రమం కాగితంలో 'స్థానిక కళాకారిణులు' అని మాత్రమే ఉంది.

సక్రి చిక్కిపోయింది. పైచేతికి ఉండే తెల్లగాజులు లేవు. జడ పక్కన వేలాడే వెండి గుత్తులు లేవు. భర్త పోయిన లంబాడీ ఆడది అవి తీసేస్తుంది. కవిత ఆ సంగతి ఇన్నాళ్లూ మనసులో అనుకోవడమే తప్ప కళ్లతో చూడటం ఇదే మొదలు. బోసి చెయ్యి సూది పట్టుకుని పైకీ కిందికీ ఆడుతోంది.

పని. ముందు పని.

ప్రొఫెసర్ నాగలత కుంటుకుంటూ తుక్రి దగ్గరికి వెళ్లింది. కుడి మూల, కింది వరుస. ఒక అద్దం చుట్టూ దారం కొత్తది, కుట్టు వేరు. ఎవరో విప్పి మళ్లీ కుట్టారు, అదీ రాని చేత్తో. కవిత వంగి, చూపుడువేలితో గుడ్డ అంచును కొద్దిగా ఎత్తి, వెనకవైపు చూసింది.

వెనక ఏమీ లేదు. ఉబ్బు లేదు. చిప్ తీసేశారు.

ఆ క్షణంలోనే తను చేసిన తప్పు ఆమెకు తెలిసింది. గ్యాలరీకి వచ్చినవాళ్లు ముందువైపు చూస్తారు, దూరం నుంచి, తల పక్కకు వంచి. గుడ్డను తిరగేసి చూసేది లంబాడీ ఆడవాళ్లే. కుట్టు మంచిచెడ్డలు వెనకే ఉంటాయని పుట్టినప్పటి నుంచీ విని పెరుగుతారు. విగ్గూ కళ్లజోడూ కుంటి నడకా దాచిందంతా ఒక్క వేలు బయటపెట్టేసింది.

చాప మీద సూది ఆగింది.

సక్రి తలెత్తింది. ఆ వేలిని చూసింది. తర్వాత ముఖాన్ని. చాలాసేపు కాదు, కొత్త మనిషిని చూసినంతసేపే. మళ్లీ తల వంచుకుని సూదిలో దారం ఎక్కించబోయింది. దారం ఎక్కలేదు. మళ్లీ ప్రయత్నించింది. మళ్లీ ఎక్కలేదు.

కవిత వెనక్కి తిరిగింది. చిప్ తుక్రిలో లేదంటే ఇంకెక్కడ? ఆ సంగతి చెప్పగలిగేది మైనా ఒక్కతే. హేగన్ కారు పోర్టికోలో సిద్ధంగా ఉంది. సన్మానం అయిపోగానే వెళ్లిపోతాడు. జనాన్ని తప్పించుకుంటూ రాజ్యశ్రీ వైపు నడిచింది. ఆమె కూడా తుక్రి వైపే వస్తోంది, హేగన్‌ను వెంటబెట్టుకుని. ఎదురెదురు పడ్డారు. చాపకు అడుగు దూరంలో.

చెప్పాల్సిన కోడ్ 'ఈ అద్దాల్లో నా ముఖం కనిపించడం లేదు.' ఆమె ఇవ్వాల్సిన జవాబు 'దగ్గరికొస్తే కనిపిస్తుంది.'

"ఏమండీ," అంది కవిత. రాజ్యశ్రీ చిరునవ్వుతో ఆమె వైపు తిరిగింది. "ఈ అద్దాల్లో..."

హాలు దద్దరిల్లేలా ఒక ఏడుపు లేచింది.

సక్రి చాప మీద నుంచి లేచింది. రెండు చేతులూ చాచింది. అయిపోయింది, అనుకుంది కవిత. ఆచారం గెలిచింది. నాలుగేళ్ల కింద చెప్పిన మాట గాలికి పోయింది.

సక్రి ఆమెను దాటుకుని వెళ్లింది. నేరుగా రాజ్యశ్రీని వాటేసుకుని, పట్టుచీర భుజం మీద తల ఆనించి, రాగం ఎత్తుకుంది.

కెమెరాలన్నీ ఇటు తిరిగాయి. హేగన్ సంబరంగా ఫోన్ తీసి వీడియో మొదలుపెట్టాడు. రాజ్యశ్రీ బిగుసుకుపోయింది. తోసేద్దామంటే జిల్లా అంతా చూస్తోంది. నవ్వు తెచ్చుకుని సక్రి వీపు తట్టింది.

ఆ రాగం లంబాడీ భాషలో ఉంది. హాలులో అది అర్థమైంది ఇద్దరికే. ఒకామె లాలి. రెండో ఆమె నాలుగడుగుల దూరంలో నిలబడ్డ ప్రొఫెసర్ నాగలత.

"ఓ బిడ్డా... నువ్వు రాకపోతివి బిడ్డా... నీ నాయిన పత్తి చేన్ల పడిపాయె బిడ్డా... దవాఖానాకు తోల్కపోతిమి... ఫోన్ల నీ ఫోటువ సూపెడితే, ఈ మేడం ఎవలే, మస్తుగున్నది అనె బిడ్డా... నీ బిడ్డనే అంటే నవ్వె బిడ్డా... నవ్వుకుంటనే పాయె..."

కవిత కదలలేదు. తండ్రి ఎలా పోయాడో ఫోన్‌లో ఎన్నడూ అడగలేకపోయింది, వినడం ఇదే మొదలు. ఈ మాటలు తన భుజం మీద పడాలి. ఆ తల తన మెడ పక్కన ఉండాలి. తనూ రాగం కలపాలి. ప్రొఫెసర్ నాగలత మాత్రం చేతులు కట్టుకుని, వింత చూసే అందరిలాగే నిలబడింది. గోళ్లు మోచేతిలోకి దిగాయి.

"ఏమంటోంది?" అని అడిగాడు హేగన్ ఇంగ్లీషులో.

"నన్ను తన కూతురంటోంది," అంది రాజ్యశ్రీ. "నేను చేసిన మేలు మర్చిపోనంటోంది."

లాలి ముసుగు ముఖం మీదికి లాక్కుంది. భుజాలు కదులుతున్నాయి. పాపం ఆమె కూడా ఏడుస్తోందని ఎవరో అన్నారు.

రాగం మారలేదు. మాటలు మారాయి.

"ఓ బిడ్డా... నేను ఎవలి మీద వడి ఏడుస్తున్ననో దాని దగ్గరికి రాకు బిడ్డా... మంచిది కాదు బిడ్డా... నువ్వు వెతికే అద్దం పొద్దుగాల ఇదే కోసింది బిడ్డా... కింద గోరంత నల్ల బిళ్ల తీసింది... తెల్లాయనకు పెట్టే సంచిల నాతోటే కుట్టిచ్చింది బిడ్డా... అదృష్టమట బిడ్డా... జల్దీ జల్దీ అని నా కుట్టు చెడగొట్టింది బిడ్డా... సంచి నా చాప మీదనే ఉన్నది... గవ్వ తిప్పి కుట్టిన బిడ్డా... నోరు తెరవకు... నోరు తెరవకు..."

కోడ్‌వర్డ్‌లో మిగిలిన సగం కవిత గొంతులోనే ఉండిపోయింది.

మైనా తమ మనిషి కాదు. తుక్రి గురించి కబురు పంపింది అందుకే. విభాగం కళ్లన్నీ తుక్రి మీద ఉంటే, చిప్ సంచిలో దర్జాగా వెళ్లిపోతుంది. దాంతోపాటు కోడ్ చెప్పడానికి వచ్చిన ఏజెంట్ ముఖం కూడా.

*

సక్రి ఏడుపు ఆపేసరికి రాజ్యశ్రీ భుజం మీద కాటుక, కన్నీళ్లు, కొబ్బరినూనె. నెమలికంఠం రంగు మీద మరక అరచేయంత అయింది. "ఒక్క నిమిషం," అని హేగన్‌తో చెప్పి, పళ్లు బిగించి నవ్వుతూ, వాష్‌రూమ్ వైపు వేగంగా నడిచింది.

కవిత గుమ్మం పక్కనున్న సేల్స్ కౌంటర్‌కు వెళ్లింది. తండా ఆడవాళ్లు కుట్టిన సంచులు వరుసగా వేలాడుతున్నాయి. ఎరుపు రంగువి, అద్దాలతో, మూతకు ఒక గవ్వ. అన్నీ ఒకే నమూనా. ఒకటి కొంది. భుజానికి తగిలించుకుని వచ్చి చాప అంచున కూర్చుంది.

సక్రి పక్కన, ఇత్తడి పళ్లెంలో, అలాంటిదే ఇంకొకటి. మూత మీద గవ్వ తలకిందులుగా ఉంది.

"ఈ కుట్టు చాలా బావుందమ్మా," అంది ప్రొఫెసర్ నాగలత స్వచ్ఛమైన కోస్తా యాసలో. "ఎవరు నేర్పారు?"

"మా అమ్మ నేర్పింది మేడం." సక్రి తలెత్తలేదు. గొంతు ఇంకా బొంగురుగా ఉంది. "నేను నా బిడ్డకు నేర్పిన."

"ఆ అమ్మాయి కుడుతుందా?"

"యాడ మేడం. నౌకరి. నెలకోసారి ఫోన్ జేస్తది. అన్నం తిన్నవా అంటది. మొకం సూపెట్టదు."

కవిత తన సంచి భుజం మీద నుంచి తీసి, చాప మీద, పళ్లెం పక్కన పెట్టింది. "పని ఎక్కువేమో."

"ఉంటది మేడం. ఏం పనో మాకు దెల్వది. కోపం గూడ లేదు." సక్రి దారం కొరికింది. "సన్నగైంది, గంతే."

వాష్‌రూమ్ వైపు నుంచి చెప్పుల చప్పుడు. కవిత లేచింది. సంచి తీసుకోలేదు. సక్రి దాని వైపు చూసిందో లేదో ఆమెకు తెలియదు. వెనక్కి తిరిగి చూడటానికి వీల్లేదు.

వేదిక మీద మైకు పలికింది. శాలువాలు, ఉపన్యాసాలు. తర్వాత 'తండా ఆడపడుచు చేతుల మీదుగా' విదేశీ అతిథికి చిన్న కానుక. సక్రి ఇత్తడి పళ్లెం పట్టుకుని మెట్లెక్కింది. రాజ్యశ్రీ చెయ్యి పట్టి నడిపించింది, ఈసారి కొంచెం దూరం నుంచే. హేగన్ సంచి అందుకుని గుండెకు హత్తుకున్నాడు. చప్పట్లు.

గవ్వ అతని చేతి కింద ఉంది. నేరుగా ఉందా, తలకిందులుగా ఉందా? కవితకు కనబడలేదు.

అతను మెట్లు దిగాడు. జనంలోంచి పోర్టికోకు నడిచాడు. కవిత వెనకే నడిచింది. కుంటడం మర్చిపోయింది, మళ్లీ గుర్తుతెచ్చుకుంది. డ్రైవర్ కారు తలుపు తీశాడు. గేటు బయట మామూలు బట్టల్లో ఉన్న ఇద్దరు విభాగం మనుషులు ఆమె సైగ కోసం చూస్తున్నారు. ఆ పాస్‌పోర్ట్ ఉన్న మనిషిని ఆపితే రెండు దేశాల మధ్య గొడవ. ఆపకపోతే, ఆ సంచి అదే అయితే, రాడార్ పోయినట్టే. ఆపడమా, వదలడమా? తల్లి మీద నమ్మకం తప్ప ఆమె చేతిలో ఏమీ లేదు.

హేగన్ ఒక కాలు కారులో పెట్టి వెనక్కి తిరిగి, అందరికీ వీడ్కోలుగా సంచిని పైకెత్తి ఊపాడు. సాయంత్రపు ఎండ అద్దాల మీద పడి మెరిసింది.

గవ్వ నేరుగా ఉంది.

కవిత కళ్లజోడు సర్దుకుంది. 'వదిలెయ్యండి' అని అర్థం. కారు వెళ్లిపోయింది.

ఆమె హాలులోకి తిరిగొచ్చేసరికి చాప చుట్టేస్తున్నారు. లాలి అద్దాల డబ్బా సర్దుతోంది. సక్రి చేతిలో ఎర్ర సంచి. "మీ సంచి మర్చిపోయిన్రు మేడం," అంది గట్టిగా, అందరికీ వినబడేలా. అందిస్తూ, వాళ్ల భాషలో, పెదవులు కదిలీ కదలనట్టు అంది: "గది ఉత్త ఏడుపే. నీది దాచిపెట్టిన."

సంచి అందుకున్నప్పుడు రెండు చేతులూ ఒక్క క్షణం తాకాయి. సూది గుచ్చుకున్న గరుకు వేళ్లు. ప్రొఫెసర్ నాగలత "థాంక్సమ్మా" అని బయటికి నడిచింది. ఆటో ఎక్కేదాకా ఆమె భుజం, ఏ తలా ఆనని ఎడమ భుజం, బరువుగానే ఉంది.

*

కొన్ని వారాల తర్వాత, ఢిల్లీలో ఒక పెద్ద గ్యాలరీ. మళ్లీ మధ్యాహ్నమే. కవిత ఆడియో గైడ్ పెట్టుకుని నల్లటి గోడ ముందు నిలబడింది. తుక్రి అక్కడికి చేరింది. రాని చేత్తో కుట్టిన ఆ ఒక్క అద్దాన్ని ఎవరో విప్పి సరిగ్గా కుట్టారు. చీటీ కూడా మారింది. 'కళాకారిణి: సక్రి, రూప్లా తండా.'

"చిప్ చెక్కుచెదరలేదు. హేగన్ ఇంటికెళ్లి సంచి మొత్తం విప్పి చూసుకున్నాడట," అంది చెవిలో చీఫ్ గొంతు. "ఒట్టి గాజు. రాజ్యశ్రీ మోసం చేసిందని ముఠా నమ్మేసింది. ఆమే పరిగెత్తుకుంటూ మన దగ్గరికి వచ్చి లొంగిపోయింది. ఇంజనీర్ సంగతితో సహా అన్నీ ఒప్పుకుంది. బయటకంటే మన జైలే సేఫ్ అంటోంది."

"ఆ బ్రోచ్ సార్?"

"కెమెరానే. నీ ముఖం కోసం పెట్టుకుంది. చూశాం. వందల ముఖాల్లో నీదీ ఒకటి, కోడ్ చెప్పిన ముఖం మాత్రం లేదు. ఆ సమయానికి ఒక లంబాడీ ఆవిడ చెవి, ముసుగు అంచు తప్ప అందులో ఏమీ లేదు. అయినా ఆ కుట్టు మీ అమ్మగారిదని నాకు ముందే చెప్పాల్సింది."

"చెబితే పంపేవారా?"

"లేదు."

చుట్టూ మనుషులు బొమ్మ నుంచి బొమ్మకు నిశ్శబ్దంగా నడుస్తున్నారు. ఒకామె వచ్చి తుక్రి ముందు, కవిత పక్కనే ఆగింది. వెళ్లిపోయింది.

"తర్వాతి ప్రదర్శన లిస్బన్‌లో," అన్నాడు వెంకటరామారావు. "కళాకారిణిని కూడా పిలుస్తున్నారు. అక్కడ మనకు ఒక పెద్దమనిషి సంగతి తెలియాలి. నేను ఆలోచిస్తున్నా. మీ అమ్మగారికి పాస్‌పోర్ట్ ఉందా?"

"నాకు తెలియదు సార్," అంది కవిత, తలకిందులుగా ఉన్న గవ్వ వైపే చూస్తూ. "లీవ్ ఇవ్వండి, ఇంటికెళ్లి కనుక్కుంటాను. అయితే మా ఇంట్లో ముందు ఏడుపు, తర్వాతే మాటలు. జవాబుకు కొంచెం టైం పడుతుంది."